‘ఎన్ఏ’ అని రాసింది మనమే

2024 ఆగస్టు 31, శనివారం. పొద్దుగూకే వేళ ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం నడుమ అడవిలో గాలి లేచింది. అది తగ్గేసరికి దాదాపు 50 వేల చెట్లు నేలమీద ఉన్నాయి. మద్ది, నేరేడు వంటి పెద్ద మాన్లు కొన్ని వేళ్లతో సహా పెకిలి పడ్డాయి, కొన్ని నడుముల దగ్గర విరిగాయి. ఏటూరునాగారం అభయారణ్యంలో వందల ఎకరాల మేర నడి అడవి బయలైపోయింది. గాలి వేగం గంటకు 120 నుంచి 130 కిలోమీటర్లు ఉండొచ్చని అటవీ అధికారులు అంచనా వేశారు. మనిషి ప్రాణం ఒక్కటీ పోలేదు. అమ్మల దయ అన్నారు అక్కడి జనం. అనరా మరి? ఆరు నెలల ముందు, ఫిబ్రవరిలో మేడారం అమ్మల జాతరకి ఆ అడవి దారుల్లోనే కోటి మందికి పైగా వచ్చి వెళ్లారు.

ఆ శనివారం మనం ఏం చేస్తున్నాం? మనం అంటే మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ, కోకాపేట. ఐడీ కార్డు మెడలో వేసుకుని సైబరాబాద్‌ని నడుపుతున్నామనుకునే మనం. అంతకు సరిగ్గా వారం ముందు తమ్మిడికుంట చెరువులో ఎన్ కన్వెన్షన్ హాలుని, ఆక్రమణలు తొలగించే హైడ్రా కూల్చింది. వారమంతా మన వాట్సాప్ గ్రూపుల్లో అదే గోల: ఎవరి విల్లా చెరువు నిండు నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) లోపల ఉంది, ఎవరి ఫ్లాట్ బఫర్ జోన్‌లో ఉంది, రీసేల్ ధర ఎంత పడిపోతుంది. మర్నాటికి బుడమేరు విజయవాడని ముంచింది, మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. మేడారం చెట్ల సంగతి పేపర్లకెక్కేసరికి ఇంకో రెండు మూడు రోజులు పట్టింది. డ్రోన్ వీడియో ఫార్వర్డ్ అయింది. ‘హాలీవుడ్ సినిమాలా ఉంది కదా’ అనుకుని పైకి జరిపేశాం.

అప్పుడు మనం అడగని ప్రశ్న ఒకటుంది. అదే గాలి రాయదుర్గం మీదికో పుప్పాలగూడ మీదికో వస్తే ఎవరి సంగతేమిటి? తెలియక అడగలేదని చెప్పుకోవడానికి లేదు. అలాంటి ప్రశ్నలడిగే విద్యే మన బతుకుతెరువు.

ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లకి బీసీపీ అంటే చెప్పక్కర్లేదు. పెద్ద క్లయింట్‌తో ఒప్పందం కుదిరిందంటే, ఆఫీసుకి ఏ ఆపద వస్తే పని ఆగకుండా ఎలా నడిపిస్తారో రాసివ్వాలి. ఎక్సెల్ షీట్‌లో వరుసకో ఆపద: అగ్ని ప్రమాదం, భూకంపం, వరద, మహమ్మారి, బంద్. టెక్సాస్ క్లయింట్ పంపే టెంప్లేట్‌లో టోర్నడోకీ ఒక వరుస ఉంటుంది. డల్లాస్ కాలమ్ నిండుగా ఉంటుంది. సైరన్ మోగితే ఎవరు ఎటు వెళ్లాలి, ఏ అంతస్తులో ఏ గది, అద్దాలకి ఎంత ఎడంగా ఉండాలి, తలలు లెక్కపెట్టేది ఎవరు, అన్నీ ఉంటాయి. హైదరాబాద్ కాలమ్‌కి వచ్చేసరికి రెండక్షరాలు కొట్టి కింది వరుసకి దిగుతాం: ఎన్ఏ. మనకి వర్తించదు. మరుసటేడు ఆడిట్‌కి అదే షీట్ తెరిచి, తేదీ మార్చి, మళ్లీ సంతకం పెడతాం. వాళ్ల డేటాకి మాత్రం రెండో ఊళ్లో నకలు, మూడో ఊళ్లో నకలు. ఆ డేటాని కాసే మనిషి రాత్రి ఏ రేకు కింద పడుకుంటాడో ఆ షీట్‌లో ఏ వరుసలోనూ ఉండదు.

పోనీ టోర్నడో అంటే ఏమిటో ఎరగనివాళ్లమా? ఇర్వింగ్‌లోనో ప్లేనోలోనో ఫ్రిస్కోలోనో ఆన్‌సైట్ చేసొచ్చినవాళ్లు మన ప్రతి ఫ్లోర్‌లోనూ ఉన్నారు. డల్లాస్ నగరంలో ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం సైరన్లు మోగించి చూసుకుంటారు. కొత్తగా వెళ్లినవాళ్లు ఆ మోతకి ఉలిక్కిపడి, ఆనక అలవాటు పడతారు. కిటికీలు లేని లోపలి గది ఏదో, బాత్‌రూమ్ అయితే ఎందుకు మేలో, కారులో ఉంటే ఏం చెయ్యాలో పిల్లలు స్కూల్లో నేర్చుకుని వచ్చి పెద్దలకి చెబుతారు. 2019 అక్టోబర్ 20 రాత్రి ఉత్తర డల్లాస్ ఇళ్ల మీదుగా గంటకు సుమారు 225 కిలోమీటర్ల గాలితో టోర్నడో దూసుకుపోయింది. ఇళ్లు, బడులు, దుకాణాలు చితికిపోయాయి. ప్రాణం ఒక్కటీ పోలేదు. అక్కడి గాలి మెత్తనిదై కాదు. హెచ్చరిక ముందే వచ్చింది, విన్నవాడికి ఏం చెయ్యాలో తెలుసు. ఆ సంగతులన్నీ నేర్చుకుని శంషాబాద్‌లో విమానం దిగి, ఇంటికొచ్చి, మర్చిపోయినవాళ్లం మనం.

ఇక్కడ అలాంటివి రావు అనే మన ధీమాకి ఆధారం ఎక్కడా లేదు. భవనాల మీద గాలి భారం లెక్కకట్టడానికి ఇంజనీర్లు వాడే భారత ప్రమాణం ఐఎస్ 875, మూడో భాగం. 1987 నాటి ప్రతిలోనే ఉంది: దేశంలో దాదాపు ఏ ప్రాంతంలోనైనా టోర్నడో రావచ్చని, అయితే మ్యాపులో ఇచ్చిన గాలి వేగాల్లో దానికి ఏ లెక్కా కలపలేదని, అణు రియాక్టర్ల వంటి ముఖ్య కట్టడాలకి మాత్రమే విడిగా చూసుకుంటారని. ఆ కోడ్ హైదరాబాద్‌కి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకి 44 మీటర్లు, అంటే గంటకి 158 కిలోమీటర్లు. 1998 నవంబర్‌లో వాజపేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించే నాటికే ఆ మాట అచ్చులో ఉంది. ఆ తర్వాత ఇక్కడ లేచిన ప్రతి అద్దాల మేడ వెనకా ఆ కోడ్ తిరగేసిన ఇంజనీరు ఒకరుంటారు. ఊహించలేదు అనడానికి మనకి ఏ హక్కూ లేదు.

అనుభవమూ ఉంది. 1978 మార్చి 17న ఉత్తర ఢిల్లీ మీద, యూనివర్సిటీ చుట్టుపక్కల, టోర్నడో పడింది. కొన్ని నిమిషాల్లో 28 మంది పోయారు. 2009 మార్చి 31న ఒడిశాలోని కేంద్రపడా జిల్లాలో, 2024 మార్చి 31న బెంగాల్‌లోని జల్పాయిగురి జిల్లాలో అదే కథ. మన సుడిగాలులు ఎక్కువగా తూర్పున, బంగ్లాదేశ్ వైపు పడతాయన్నది నిజమే. అక్కడి దౌలత్‌పూర్, సటూరియాల్లో 1989 ఏప్రిల్ 26న ఒక్క టోర్నడో 1,300 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. కానీ ఎక్కువగా అక్కడ పడడం వేరు, ఇక్కడ పడకపోవడం వేరు. ఈ తేడా ఇంటర్వ్యూలో ఫ్రెషర్‌ని అడిగి మరీ తేల్చుకుంటాం. మన ఊరి విషయానికొచ్చేసరికి మనమే తప్పాం.

మేడారం తర్వాత కొన్నాళ్లు మనలో కాస్త చదువుకున్నవాళ్లం ఇంకో చర్చలో పడ్డాం. అది టోర్నడోనా, డౌన్‌బరస్టా? ప్రశ్న మంచిదే. ఏప్రిల్, మే నెలల్లో దక్కన్ నేల కాగి ఉంటుంది. బంగాళాఖాతం నుంచి తడిగాలి వచ్చి కలుస్తుంది. మేఘం పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకి పెరుగుతుంది. లోపల వాన, వడగళ్లు చల్లబరిచిన గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందికి పడుతుంది. బిందెడు నీళ్లు బండ మీద కుమ్మరిస్తే నలుదిక్కులా చిమ్మినట్టు ఆ గాలి నేలని తాకి చుట్టూ పరుచుకుంటుంది. అది డౌన్‌బరస్ట్. ఎత్తుని బట్టి గాలి దిశ, వేగం మారుతూ ఉంటే మేఘంలోని గాలి సుడి తిరుగుతుంది, ఆ సుడి సన్నబడి నేలని తాకితే టోర్నడో. వానాకాలపు అల్పపీడనాల్లోనూ ఈ రెండూ పుట్టగలవు. పడిన చెట్లు ఏ వైపు తలపెట్టాయో చూసి తేడా చెప్పొచ్చని చూపించినవాడు జపాన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన టెట్సుయా ఫుజిటా. 1945లో బాంబు పడిన హిరోషిమా, నాగసాకీల్లో నడిమి నుంచి అన్ని వైపులకీ ఒరిగిన చెట్లని చూశాడు. 1974లో అమెరికా టోర్నడోల తర్వాత విమానంలోంచి అలాంటి ఒరుగుడే మళ్లీ చూసి, గాలి పై నుంచి పడి చిమ్మిందని కనిపెట్టాడు.

మేడారం అడవిని హైదరాబాద్ రాడార్ ఎందుకు పట్టలేదన్నదానికీ లెక్క ఉంది. ఇక్కడినుంచి అక్కడికి గీత గీసినా 200 కిలోమీటర్లు దాటుతుంది. భూమి గుండ్రం కాబట్టి అంత దూరం వెళ్లేసరికి రాడార్ కిరణం నేలకి కొన్ని కిలోమీటర్ల ఎత్తున పోతుంది. దాని కింద జరిగేది దానికి కనిపించదు. కొన్ని నిమిషాల సుడి సంగతి సరే సరి.

ఇదంతా తెలుసుకోవాల్సిందే. కానీ మన చర్చ తెలుసుకోవడానికి జరగలేదు. టోర్నడో కాదని తేలితే ఊపిరి పీల్చుకోవడానికి జరిగింది. మీద పడే ఇటుకకి తనని ఏ గాలి తోసిందో అక్కర్లేదు.

ఇటుకలు నిజంగానే పడ్డాయి. 2024 మే 26, ఆదివారం సాయంత్రం తెలంగాణలో చాలాచోట్ల గాలిదుమారం లేచింది. నాగర్‌కర్నూల్ జిల్లా ఇంద్రకల్‌లో కడుతున్న కోళ్ల షెడ్డు కూలి నలుగురు పోయారు. మన పక్కనే, హఫీజ్‌పేటలో, పక్క భవనం మీది ఇటుకలు పడి ఇద్దరు పోయారు. ఒకరు మూడేళ్ల పసివాడు. హైటెక్ సిటీ నుంచి ఎంఎంటీఎస్ ఎక్కితే పక్క స్టేషన్ హఫీజ్‌పేట. ఆ ఒక్క సాయంత్రం రాష్ట్రంలో పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. అదే రాత్రి చెన్నైలో ఐపీఎల్ ఫైనల్. సన్‌రైజర్స్ 113కే ఆలౌటైంది. మన బాధంతా దానికే సరిపోయింది.

అంతకు పందొమ్మిది రోజుల ముందు, మే 7 రాత్రి గాలివానకి, బాచుపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంట్ రిటైనింగ్ వాల్ పక్కనున్న కూలీల షెడ్డుల మీద పడింది. ఏడుగురు చనిపోయారు. ఒడిశా నుంచీ ఛత్తీస్‌గఢ్ నుంచీ పనికొచ్చినవాళ్లు, వాళ్లలో నాలుగేళ్ల పిల్లాడు. 2019 ఏప్రిల్ 22న ఎల్బీ స్టేడియంలో ఫ్లడ్‌లైట్ టవర్ గాలికి కూలి ఒకరు చనిపోయారు. ఈ మూడింటిలో ఏదీ టోర్నడో కాదు. ఏటా వేసవిలో వచ్చే మామూలు గాలివానలివి. డల్లాస్‌లో 225 కిలోమీటర్ల టోర్నడో తీయలేకపోయిన ప్రాణాలని మన దగ్గర వేసవి దుమారాలు తీసేశాయి. ఇక మేడారం మీద లేచిన గాలే ఊరి మీద లేస్తే అన్నది ఊహకి వదిలేయాల్సిన విషయం కాదు, లెక్కకట్టాల్సిన విషయం. కట్టగలిగిన మనం కట్టలేదు.

ఎందుకు కట్టలేదంటే మన దృష్టిలో వానంటే ట్రాఫిక్, గాలంటే కరెంటు. 2023 జులైలో వర్షాలు ముదిరినప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలకి విడతలవారీ లాగౌట్ వేళలు ఇచ్చారు. ఏ వైపు ఆఫీసులు మూడింటికి వదలాలి, ఏ వైపువి నాలుగున్నరకి, ఏవి ఆరింటికి. మంచి పనే. మన సౌకర్యం కోసం ఒక పోలీసు కమిషనరేట్ టైమ్‌టేబుల్ వేసిందంటే మన మాటకి ఎంత విలువుందో చూడండి. ఆ విలువని ఇంకే పనికీ వాడలేదు. గాలి లేచినప్పుడు రోడ్డు మీద ఉన్నవాళ్లు ఎక్కడ తలదాచుకోవాలన్నది ఆ టైమ్‌టేబుల్‌లో లేదు. మనమూ అడగలేదు.

రాయదుర్గంలో ఒక మే సాయంత్రం ఇలా ఉంటుంది. నాలుగున్నరకి పడమటి ఆకాశం రాగి రంగుకి తిరుగుతుంది. ఫ్లోర్‌లో సగం మంది అద్దం దగ్గరికి చేరి ఫోన్లు ఎత్తుతారు. ఎదురుగా కడుతున్న టవర్‌కి కట్టిన ఆకుపచ్చ వల ఒక మూల తెగి గాలిలో కొట్టుకుంటూ ఉంటుంది. టవర్ క్రేన్ చెయ్యి దానంతటదే తిరుగుతుంది. గాలికి ఎదురు నిలబడి విరక్కుండా అలా వదిలేస్తారు. కింద మెట్రో పిల్లర్ల చాటున డెలివరీ కుర్రాళ్లు బండ్లు ఒరగకుండా పట్టుకుని నిలబడి ఉంటారు. ఇటు అద్దం దగ్గర హౌస్‌కీపింగ్ అక్క, పాలమూరు మనిషి, చేతిలో మాప్ పట్టుకునే అంటుంది: “సార్, అద్దంకాడ నిలవడకుండ్రి. ఇవతలికి రండ్రి. గాలిదుమారమొస్తే మా ఊర్ల పోరగాండ్లను వాకిట్ల నిలవడనియ్యరు.” అందరూ నవ్వుతారు. ‘ఏం కాదక్కా, టఫెన్డ్ గ్లాస్’ అంటాడొకడు. ఇంకొకడు యాప్ తెరిచి మిర్చి బజ్జీలు ఆర్డర్ పెడతాడు. వాన చార్జీ కలిపి చూపిస్తే, పోనీలే అని కట్టేస్తాడు. కింద పిల్లర్ చాటున నిలబడ్డ కుర్రాళ్లలో ఒకడి ఫోన్ మోగుతుంది.

ఆ ఫ్లోర్‌లో డల్లాస్ కాలమ్ నింపినవాళ్లు నలుగురైనా ఉంటారు. అందులో మొదట రాసింది అద్దాలకి దూరంగా ఉండమనే. చెప్పింది మాత్రం ఆమె. ఏడాదికి రెండుసార్లు ఫైర్ డ్రిల్ చేస్తాం, అసెంబ్లీ పాయింట్‌లో నిలబడి సెల్ఫీలు దిగుతాం. గాలికి డ్రిల్ చెయ్యాలని ఒక్క టౌన్‌హాల్‌లో ఒక్కరమూ లేచి అడగలేదు. ఫైర్ అలారం మోగితే అందర్నీ ఆరుబయటకి తోలడం అలవాటైనవాళ్లం, గాలికి లోపలే ఉండాలని వేరే నేర్పాలన్న ఆలోచనే మనకి రాలేదు.

అద్దాల వెనక ఉన్న మనకి నిజానికి భయం తక్కువే. మన టవర్లు కోడ్ ప్రకారం కట్టినవి, ఎత్తైనవాటికి నమూనా చేసి విండ్ టన్నెల్‌లో పరీక్షిస్తారు. మేడారంలో అంచనా వేసిన 130 కిలోమీటర్ల గాలి 158కి లెక్కకట్టిన కట్టడాన్ని పడేయలేదు. పడేసేది ఆ కట్టడాన్ని కడుతున్నవాళ్ల గదిని. కోకాపేట, నానక్‌రామ్‌గూడ, పుప్పాలగూడ సైట్ల వెనక్కి నడిస్తే కనిపిస్తుంది. వరుసగా రేకుల గదులు, గదికో తలుపు, కొన్నిటికి అదీ ఉండదు, పాత ఫ్లెక్సీ వేలాడదీసి ఉంటుంది. ఆ ఫ్లెక్సీ మీద మనం కొనబోయే ఫ్లాట్ బొమ్మే ఉంటుంది. రేకులు లేచిపోకుండా పైన సగం ఇటుకలు, గ్రానైట్ ముక్కలు, ఇసుక నింపిన సిమెంటు సంచులు, అరిగిన టైర్లు. మామూలు గాలికి ఆ బరువు చాలు. గాలి ముదిరితే రేకు పైన పీల్చుడు మొదలవుతుంది, తలుపు సందులోంచి దూరిన గాలి లోపలినుంచి తన్నుతుంది. రెండూ కలిసి రేకు లేచిందంటే రక్షణకి పెట్టిన రాళ్లే మనుషుల మీదికి వస్తాయి.

నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. సైట్‌లోనో దగ్గర్లోనో కూలీలకి ఉచితంగా వసతి ఇవ్వాలని అందులో 34వ సెక్షన్ చెప్పింది. ఇచ్చారు, రేకుల్లో. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ వార్త చూసి మన ఫ్లాట్ విలువ పెరిగిందని సంబరపడ్డాం. అంత ఖరీదైన నేల మీద రేకుకి మేకు బదులు హుక్ బోల్టు, మూలలకి అడ్డబద్దలు, నాలుగు వైపులా నేలలోకి దింపిన తీగతాడు వెయ్యడానికి డబ్బు లేదంటే ఎవరు నమ్ముతారు? ఆ షెడ్డులకి కూతవేటు దూరంలోనే స్లాబ్ పడిన అంతస్తులున్నాయి, లిఫ్టు గుంత చుట్టూ, మెట్ల చుట్టూ కాంక్రీట్ గోడలున్నాయి. గాలి లేచిన సాయంత్రం పిల్లల్ని తీసుకుని అక్కడికి రండని చెప్పే మనిషి ఎన్ని సైట్లలో ఉన్నాడు? సైట్ విజిట్‌కి వెళ్లి వాస్తు అడిగాం, కార్పెట్ ఏరియా అడిగాం, క్లబ్‌హౌస్ ఎన్ని చదరపు అడుగులో అడిగాం, ప్రీలాంచ్‌లో ఎంత తగ్గిస్తారో అడిగాం. కట్టేవాళ్లు ఎక్కడ పడుకుంటారో అడగలేదు. అడిగితే బిల్డర్ కాదనేవాడా? కొనేవాడి ప్రశ్నకే కదా వాడు బ్రోషర్ మారుస్తాడు.

ఈ పాపాన్ని కడుక్కోవడానికి మనకో తేలిక దారి ఉంది: చెట్లు. 2025 మార్చి 30 నుంచి కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు దిగాయి. హెచ్‌సీయూ విద్యార్థులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది. మనం ఆన్‌లైన్ పిటిషన్ల మీద సంతకాలు పెట్టి డీపీలు మార్చాం. ఆ అడవి నిలవాల్సిందే. కానీ అడవి ఉంటే గాలి మనల్ని ఏమీ చెయ్యదని చెప్పుకుంటే అది మేడారానికి జవాబు కాదు. అక్కడ పోయింది అడవే. ఇక మన వీధుల్లో చెట్లు గాలికి ఎందుకు పడతాయో చూడండి. ఫుట్‌పాత్ వేసేటప్పుడు మొదలుదాకా సిమెంటు పోస్తారు, కేబుల్ కోసం తవ్వి ఒక వైపు వేళ్లు నరుకుతారు, బోర్డు కనిపించాలని ఒక వైపు కొమ్మలే కొట్టేస్తారు. వేరు లేక, బరువు ఒక పక్కకి ఒరిగి, మే నెలలో కారు మీద పడుతుంది. మర్నాడు అసోసియేషన్ గ్రూపులో మనమే రాస్తాం: ‘ఆ మిగతా చెట్లు కూడా కొట్టించండి, డేంజర్.’

మన సాకులు మూడు. మొదటిది, అరుదు. టోర్నడో అరుదే. గాలిదుమారం ఏటేటా వస్తుంది. రెండింటికీ జాగ్రత్త ఒకటే: గట్టి గోడ, బిగించిన కప్పు, ముందు మాట, తెలిసిన చోటు. అరుదైనదానికి సిద్ధపడితే ఏటేటా వచ్చేదానికి ప్రాణాలు దక్కుతాయి.

రెండోది, ప్రభుత్వం చూసుకోవాలి. చూసుకోవాల్సిందే. నేలకి 15 అడుగులు దాటిన హోర్డింగులు పెట్టరాదని 2020లో నిబంధన వచ్చింది. అలాంటి నిబంధన పట్టించుకోని ఊళ్లో ఏమవుతుందో 2024 మే 13న ముంబయి ఘాట్‌కోపర్‌లో పెట్రోల్ బంకు మీద హోర్డింగ్ కూలి 17 మంది చచ్చినప్పుడు చూశాం. కానీ ఈ కారిడార్‌లో ప్రభుత్వం మన మాట విననిది ఎప్పుడు? ట్రాఫిక్ అన్నాం, ఫ్లైఓవర్లు వచ్చాయి. దుర్గం చెరువు చుట్టి పోవాల్సి వస్తోందన్నాం, 2020లో కేబుల్ బ్రిడ్జి వచ్చింది. మెట్రో రాయదుర్గం దాకా వచ్చింది. అడిగినవన్నీ వచ్చాయి కాబట్టి, రానివి మనం అడగనివే.

మూడోది, జనం బెదిరిపోతారు. ఈ సాకు మనకంటే ముందు అమెరికాది. 1948 మార్చి 20న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరం మీద టోర్నడో పడితే, అయిదు రోజులకి అవే లక్షణాలు చూసి ఫాబుష్, మిల్లర్ అనే ఇద్దరు అధికారులు ముందే హెచ్చరించారు. ఆ సాయంత్రమే మళ్లీ పడింది, సిద్ధంగా ఉన్నారు. అయినా పౌర వాతావరణ శాఖ 1950 దాకా ఆ హెచ్చరికని జనానికి చెప్పడానికి జంకింది. 1953 జూన్ 9న, టోర్నడోల ఊసే పెద్దగా ఎరగని మసాచుసెట్స్‌లో, వూస్టర్ మీద పడింది. బోస్టన్ కార్యాలయం ఆ పొద్దున ఆ మాట చెబుదామా వద్దా అని తర్జనభర్జన పడి మానేసింది. 94 మంది పోయారు. ఆ రోజు దెబ్బతిన్న ఊళ్లలో ష్రూస్‌బరీ ఒకటి. మన వాళ్లు అక్కడ ఇళ్లు కొనేటప్పుడు బేస్‌మెంట్ ఉందో లేదో చూస్తారు. ఆ జాగ్రత్త అక్కడ గాలిలోంచి పుట్టలేదు. శవాలని లెక్కపెట్టినవాళ్లు, ఇక చాలు అనుకున్నవాళ్లు కూర్చుని కట్టారు. మనమేమో 2023లో ఫోన్లన్నీ ఒకేసారి కీచుమని ప్రభుత్వ హెచ్చరిక పరీక్ష జరిగితే మీమ్స్ చేసుకుని నవ్వుకున్నాం.

వచ్చే మార్చిలోపు చెయ్యదగ్గవి ఏమంత పెద్దవి కావు. బీసీపీ షీట్‌లో గాలి వరుస మన ఊరికీ నింపి, అందులో సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాబ్ డ్రైవర్ల పేర్లు కలపాలి. వాతావరణ కేంద్రం మూడు గంటల ముందు ఇచ్చే హెచ్చరిక ఆరెంజ్‌కో రెడ్‌కో మారితే క్యాంపస్ గేట్లు తెరిచి, రోడ్డు మీదున్న డెలివరీ కుర్రాళ్లని పార్కింగ్‌లోకి రానివ్వాలి. ఆ గంట మనం ఆర్డర్లు పెట్టకూడదు. అపార్ట్‌మెంట్ జనరల్ బాడీలో వాచ్‌మన్ గది పైకప్పు ఒక అంశం కావాలి, స్విమ్మింగ్ పూల్ టైల్స్ తర్వాత కాదు, ముందు. ఫ్లాట్ బుక్ చేసే ముందు లేబర్ క్యాంపు చూపించమని అడగాలి. పోలీసులతో కూర్చునే మన సంఘాలు లాగౌట్ వేళలతో పాటు సైట్లలో గాలికి తలదాచుకునే చోట్ల జాబితా కూడా అడగాలి. చెట్టు మొదట్లో సిమెంటు పోస్తున్నవాడిని అక్కడికక్కడ ఆపాలి.

ఇన్నాళ్లూ వీటిలో ఒక్కటీ చెయ్యకపోవడానికి డబ్బు అడ్డం రాలేదు, తెలివి అడ్డం రాలేదు, పలుకుబడి అడ్డం రాలేదు. గాలికి చచ్చేది మన ఫ్లోర్‌వాళ్లు కాదని తెలిసే ఊరుకున్నాం. 50 వేల చెట్లని కూల్చింది గాలే, దానికి మనం బాధ్యులం కాదు. బాచుపల్లి గోడ కింద ఏడుగురు పడుకుని ఉండడానికి, హఫీజ్‌పేటలో పసివాడి నెత్తిన ఇటుకలు వేలాడడానికి గాలి బాధ్యురాలు కాదు. ఆ ఖాతా మనదే, మన పేరు మీదే రాయాలి.